అల్‌హమ్దులిల్లాహ్ అన్న తర్వాత

హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన ఒక చిన్న హదీసు అబూ దావూద్‌లోనూ తిర్మిజీలోనూ ఉంది. తనకు మేలు చేసిన మనుషులకు కృతజ్ఞత తెలుపనివాడు అల్లాహ్‌కు కూడా కృతజ్ఞత తెలుపనివాడేనని దైవప్రవక్త (స) సెలవిచ్చినట్లు అందులో ఉంది. అరబీలో అది ఒక్క వాక్యమే. మదరసాలో చదువుకునే రోజుల్లో దాన్ని ఐదు నిమిషాల్లో కంఠస్థం చేశాను. అర్థం కావడానికి మాత్రం చాలా ఏళ్ళు పట్టింది. అది కూడా ఏ కితాబు ముందు కూర్చొనో కాదు, మా ఇంట్లో దస్తర్‌ఖాన్ ముందు.

ఒక జుమా నాడు షుక్ర్ గురించి బయాన్ చేసి ఇంటికి వచ్చాను. బయాన్ బాగుందని మస్జిదు మెట్ల దగ్గర ఇద్దరు ముగ్గురు అన్నారు కూడా. ఆ సంతోషంతోనే భోజనానికి కూర్చున్నాను. అన్నం, ఖట్టీ దాల్, బెండకాయ వేపుడు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే "పప్పులో ఉప్పు తక్కువైంది" అన్నాను. ఉప్పు తెచ్చి ఇస్తే కలుపుకొని తిన్నాను. చేతులు కడుక్కొని, భోజనం తర్వాత చదివే దుఆ కాస్త పైకే చదివి లేచాను. పక్క గదిలో తస్బీహ్ చదువుకుంటున్న అమ్మీ పిలిచింది. "బేటా, అల్లాహ్‌కు షుక్రియా చెప్పావు, బాగుంది. పొద్దుటినుంచి ఒంట్లో జ్వరం పెట్టుకొని నీ భార్య వండింది. ఆమెకు నువ్వు చెప్పింది ఆ ఉప్పు సంగతి ఒక్కటేగా!"

నా దగ్గర జవాబు లేదు. ఆమెకు జ్వరంగా ఉందన్న సంగతే నాకు తెలియదు. అరగంట సేపు షుక్ర్ గురించి మాట్లాడి వచ్చినవాడికి, తన ముందు కంచం పెట్టిన చెయ్యి వేడిగా ఉందని తెలియలేదు. ఈ నెల పాఠానికి నేను ఈ హదీసునే ఎంచుకోవడానికి కారణం అదే.

షుక్ర్ అంటే పైకి కనబడడం

ముందు పదాన్ని అర్థం చేసుకుందాం. మన ఇళ్ళలో 'షుక్రియా' అనే మాట రోజూ వినబడుతుంది కాబట్టి, షుక్ర్ అంటే ఒక మర్యాద మాట అనుకుంటాం. అరబీ భాషలో దీనికి మూలం పశువుల మేత దగ్గర ఉంది. కొంచెం మేత వేసినా ఒళ్ళు చేసి, యజమాని పెట్టిన తిండి తన శరీరం మీద కనబడేలా చేసే పశువును అరబ్బులు 'షకూర్' అనేవారు. పాడి ఉన్న ఇళ్ళవారికి ఇది వివరించనక్కర్లేదు. రెండు గేదెలకు ఒకే గడ్డి, ఒకే చిట్టూ తవుడూ పెడతాం. ఒకటి నిగనిగలాడుతూ ఉంటుంది. రెండోదానికి ఎంత పెట్టినా పక్కటెముకలు లెక్కపెట్టవచ్చు. పెట్టింది ఎక్కడికి పోయిందో తెలియదు.

దీనికి వ్యతిరేక పదం కుఫ్ర్. దాని మూలార్థం కప్పేయడం, మూసేయడం. ఖుర్ఆన్‌లోని హదీద్ సూరాలో 20వ ఆయతులో ఇదే ధాతువునుంచి వచ్చిన మాటను వ్యాఖ్యాతలు చాలామంది 'రైతులు' అని వివరించారు. రైతు విత్తనాన్ని మట్టితో కప్పుతాడు కనుక అతనికి ఆ పేరు. ఉపకారాన్ని కప్పిపెట్టడాన్ని 'కుఫ్రానె నేమత్' అంటారు. రైతు కప్పిన విత్తనమైనా నాలుగు రోజులకు మొలకై పైకి వస్తుంది. మనం కప్పిన ఉపకారం అలా కూడా బయటపడదు.

కాబట్టి షుక్ర్ అంటే అందిన మేలును గుర్తించి, అది మన మీద కనబడేలా చేయడం. హృదయంతో గుర్తించాలి, నోటితో చెప్పాలి, చేతలతో చూపాలి అని పండితులు ఈ మూడింటినీ చెబుతారు. మనకు ఈ మధ్యదే సులువు. సబా సూరాలో దావూద్ (అలై) కుటుంబాన్ని ఉద్దేశించి వచ్చిన ఆజ్ఞ గమనించండి. అక్కడ షుక్ర్ పలకమని కాదు, షుక్ర్‌గా పని చేయమని అల్లాహ్ ఆదేశించాడు. వెంటనే, తన దాసులలో కృతజ్ఞులు కొద్దిమందే అని కూడా తెలియజేశాడు. ఆ కొద్దిమందిలో మనం ఉన్నామో లేదో తెలుసుకోవాలంటే తస్బీహ్ పూసలు లెక్కపెడితే సరిపోదు.

నీళ్ళు ఎవరు మోశారు?

సహీహ్ ముస్లింలో ఒక సంఘటన ఉంది. చాలామంది విన్నదే. కానీ చివరిదాకా చెప్పుకొనేది తక్కువ.

ఒకరోజు దైవప్రవక్త (స) వేళకాని వేళలో ఇంటినుంచి బయటికి వచ్చారు. బయట హజ్రత్ అబూబక్ర్ (రజి), హజ్రత్ ఉమర్ (రజి) కనిపించారు. ఈ వేళప్పుడు ఎందుకు వచ్చారని ఆయన అడిగితే, ఆకలి తెచ్చిందని ఇద్దరూ చెప్పారు. తననూ అదే బయటికి తెచ్చిందని దైవప్రవక్త (స) అన్నారు. ముగ్గురూ కలిసి ఒక అన్సారీ సహచరుని ఇంటికి వెళ్ళారు. తిర్మిజీ ఉల్లేఖనంలో ఆయన పేరు అబుల్ హైసమ్ (రజి) అని ఉంది. ఆయన ఇంట్లో లేరు. ఇల్లాలు సాదరంగా ఆహ్వానించి, ఆయన మంచినీళ్ళు తేవడానికి వెళ్ళారని చెప్పింది. కాసేపటికి ఆయన వచ్చారు. అతిథులను చూసి, ఈ రోజు నాకంటే గొప్ప అతిథులు కలిగినవారు ఎవరూ లేరని అల్లాహ్‌ను స్తుతించారు. తోటలోకి వెళ్ళి ఒక ఖర్జూర గెల కోసుకొచ్చారు. అందులో దోరవీ, మెత్తగా మగ్గినవీ, ఎండినవీ అన్నీ ఉన్నాయి. తర్వాత కత్తి అందుకున్నారు. పాలిచ్చే మేకను మాత్రం కోయవద్దని దైవప్రవక్త (స) హెచ్చరించారు. అందరూ మాంసం, ఖర్జూరాలు తిన్నారు. చల్లని నీళ్ళు తాగారు.

కడుపు నిండిన తర్వాత దైవప్రవక్త (స) తన ఇద్దరు సహచరులతో, ప్రళయదినాన ఈ అనుగ్రహం గురించి మిమ్మల్ని ప్రశ్నించడం జరుగుతుందని చెప్పారు. ఆకలి మిమ్మల్ని ఇంటినుంచి బయటికి తెచ్చింది, ఈ అనుగ్రహం పొందిన తర్వాతే తిరిగి వెళ్తున్నారు అని గుర్తుచేశారు. తకాసుర్ సూరా చివరి ఆయతులో అనుగ్రహాల గురించి ప్రశ్నించబడుతుందని ఉంది కదా, దాని ఆచరణాత్మక వ్యాఖ్యానం ఇది. ప్రశ్న ఉండేది బంగళాలను గురించి, కార్లను గురించి మాత్రమే అనుకుంటాం. ఖర్జూరాలు, చల్లని నీళ్ళు కూడా ఆ లెక్కలో ఉన్నాయి.

సాధారణంగా బయాన్లలో మేము ఇక్కడితో ఆపేస్తాం. తిర్మిజీలో ఈ సంఘటన ఇంకా ముందుకు సాగుతుంది. నీకు సేవకుడు ఉన్నాడా అని దైవప్రవక్త (స) అబుల్ హైసమ్ (రజి)ను అడిగారు. లేడని ఆయన చెప్పారు. మా దగ్గరికి ఖైదీలు వచ్చినప్పుడు రమ్మన్నారు. తర్వాత ఇద్దరు ఖైదీలు వచ్చినప్పుడు, వారిలో నమాజు చేస్తుండగా తాను చూసినవాణ్ణి ఎంచి ఆయనకు ఇచ్చి, ఇతనితో మంచిగా మెలగమని ఉపదేశించారు. అబుల్ హైసమ్ (రజి) ఇంటికి వెళ్ళి భార్యకు ఈ ఉపదేశం వినిపించారు. ఇతన్ని విడుదల చేస్తే తప్ప ఆ ఉపదేశాన్ని మీరు పూర్తిగా పాటించినట్లు కాదని ఆమె అన్నది. ఆయన ఆ క్షణమే అతన్ని స్వతంత్రుణ్ణి చేశారు.

ఈ ప్రశ్నను మనం ఆగి గమనించాలి. అతిథిగా వెళ్ళినవారు వంట బాగుందని మెచ్చుకుంటారు, దుఆ చేస్తారు, లేస్తారు. ఆయన మాత్రం నీకు సేవకుడు ఉన్నాడా అని అడిగారు. ఎందుకంటే తాను వెళ్ళేసరికి ఇంటి యజమాని స్వయంగా నీళ్ళు మోసుకొస్తున్నాడు. తాను తాగిన చల్లని నీళ్ళు ఎవరి భుజం మీద వచ్చాయో ఆయన మరచిపోలేదు. అల్లాహ్ అనుగ్రహాన్ని గుర్తుచేసిన ఆ పెదవులే, దాన్ని తెచ్చిన మనిషి కష్టాన్నీ అడిగి తెలుసుకున్నాయి. మనం నీళ్ళు కూర్చొని తాగుతాం, బిస్మిల్లాహ్ అంటాం, మూడు గుక్కల్లో తాగుతాం. అన్నీ సున్నతులే. నీళ్ళు పట్టింది ఎవరని అడగడం కూడా వాటి పక్కన చేరాల్సిన సున్నతే. ఎండాకాలం తెల్లవారుజామున నాలుగింటికి కుళాయి వస్తే లేచి బిందెలు నింపే తల్లులున్న ఇళ్ళలో ఈ సున్నతు మరీ అవసరం.

ఇమామ్ గజాలీ (రహ్మ) తన 'ఇహ్యా'లో సహనం, కృతజ్ఞతలకు ఒక పుస్తకమే కేటాయించారు. నలభై పుస్తకాలలో అది 32వది. ఆయన 1111లో మరణించారు. ఒక రొట్టె మనిషి నోటిదాకా రావడానికి ఏమేమి కలిసిరావాలో ఆయన అక్కడ ఓపికగా వివరిస్తూ పోతారు. నేల, వాన, సూర్యుడు, నాగలి చేసిన వడ్రంగి, ఇనుము కొట్టిన కమ్మరి, పిండి విసిరినవాడు, చివరికి నమిలే పళ్ళు, రుచి తెలిసే నాలుక. మన దగ్గర రొట్టె బదులు అన్నం అనుకుందాం. విజయవాడ దగ్గర కృష్ణకు అడ్డంగా 1855లో ఆనకట్ట కట్టారు, 1957లో దాని స్థానంలో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. అక్కడినుంచి కాలువలో నీరు రావాలి. నారుమడి పోయాలి. మోకాలి లోతు బురదలో నడుము వంచి ఆడకూలీలు నాట్లు వేయాలి. కలుపు తీయాలి, కోయాలి, నూర్చాలి, మిల్లుకు తోలాలి. బస్తా మోసే హమాలీ భుజం, లారీ డ్రైవరు రాత్రి నిద్ర, కిరాణా కొట్టువాడి తూకం, వంటింట్లో సిలిండరు. వీటిలో ఏ ఒక్కటి ఆగినా ఈ పూట కంచంలో అన్నం లేదు. ఇందులో ఎందరి మతం మనకు తెలుసు, ఎందరి పేరు తెలుసు? అల్లాహ్ ఉపాధిని ఆకాశంనుంచి మన కంచంలోకి నేరుగా దించడం లేదు. ఇన్ని చేతుల మీదుగా పంపుతున్నాడు. పంపినవాణ్ణి పొగిడి, తెచ్చిన చేతిని విదిలిస్తే అది ఎలాంటి కృతజ్ఞత?

ఇంటి లోపల

బయటివారికి జజాకల్లాహ్ చెప్పడం మనకు కష్టం కాదు. మస్జిదులో చెప్పులు జరిపి దారి ఇచ్చినవాడికి కూడా చెబుతాం. ఇంట్లో మాత్రం ఆ మాట గుమ్మం దాటి లోపలికి రాదు. భార్యకు షుక్రియా చెప్పడమేమిటి, ఆమె పని ఆమె చేసింది అంటాం. తల్లికి చెప్పడమేమిటి, పరాయిదా అంటాం. లుఖ్మాన్ సూరా 14వ ఆయతులో అల్లాహ్ తనకూ, తల్లిదండ్రులకూ కృతజ్ఞత చూపమని ఒకే వాక్యంలో ఆదేశించాడు. పరాయివారు కానందువల్లే చెప్పాలి.

ఇక్కడ ఒక హదీసు గురించి నిర్మొహమాటంగా మాట్లాడాలి. సూర్యగ్రహణ సమయంలో దైవప్రవక్త (స)కు నరకం చూపబడిన సందర్భంలో, భర్తల ఉపకారాన్ని మరచిపోయే స్త్రీల గురించి ఆయన హెచ్చరించిన ఉల్లేఖనం బుఖారీలో ఉంది. ఎంత మేలు చేసినా, ఒక్కటి నచ్చకపోతే నీ వల్ల నాకెప్పుడూ మంచి జరగలేదు అనే స్వభావాన్ని ఆయన ఖండించారు. నిజమే. కానీ ఈ హదీసు మన మగవారికి ఎంత బాగా గుర్తుందో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. నమాజు ఫర్జులు సరిగ్గా చెప్పలేని వ్యక్తి కూడా దీన్ని భార్య ముందు తడుముకోకుండా చెప్పగలడు. హెచ్చరిక ఆ స్వభావానికి. అది గడ్డం ఉన్న ముఖంలో కనిపించినా స్వభావం అదే. ఇరవై ఏళ్ళు వండిపెట్టిన మనిషికి ఒక పూట ఉప్పు తక్కువైతే గుర్తుచేసినవాడు, ఆ హదీసును ముందు తనకు చదువుకోవాలి. ఇది నేను ఎవరినో ఉద్దేశించి రాయడం లేదు.

దైవప్రవక్త (స) ఏ ఆహారానికీ ఎన్నడూ వంక పెట్టలేదని అబూ హురైరా (రజి) చెప్పారు. ఇష్టమైతే తినేవారు, లేకపోతే మానేసేవారు. ఒకసారి రొట్టెలోకి ఏమైనా ఉందా అని ఇంట్లో అడిగితే సిర్కా తప్ప ఏమీ లేదన్నారు. అదే తెప్పించుకొని, సిర్కా ఎంత మంచి ఆదరువు అంటూ తిన్నారు. హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు ముస్లింలో ఉంది. ఉట్టి సిర్కాతో రొట్టె తిని చూడండి. ఆ మాట సిర్కా రుచికి మాత్రమే చెందింది కాదని తెలుస్తుంది. ఇంట్లో ఇంకేమీ లేదని చెప్పాల్సి వచ్చినవారి మనసు కూడా ఆ మాటతో తేలికపడుతుంది.

ఇక హజ్రత్ ఖదీజా (రజి) విషయం. ఆమె హిజ్రత్‌కు సుమారు మూడేళ్ళ ముందే మరణించారు. ఆ తర్వాత మదీనా వచ్చింది, రాజ్యం వచ్చింది, విజయాలు వచ్చాయి. అయినా ఇంట్లో మేకను కోసినప్పుడల్లా దైవప్రవక్త (స) ముక్కలు చేయించి ఖదీజా (రజి) స్నేహితురాళ్ళ ఇళ్ళకు పంపేవారు. తాను ఎన్నడూ చూడని ఖదీజా (రజి) మీద కలిగినంత రోషం మరే భార్య మీదా కలగలేదని హజ్రత్ ఆయిషా (రజి) స్వయంగా చెప్పారు. లోకంలో ఖదీజా తప్ప మరో స్త్రీ లేనట్లు మాట్లాడతారే అని ఆమె అంటే, ఆయన ఖదీజా (రజి) సుగుణాలను చెప్పుకుంటూ పోయేవారు. మన దగ్గర బతికున్న భార్య గురించి నలుగురిలో ఒక మంచిమాట చెప్పడానికి నామోషీ. ఆయన మరణించిన భార్యకు, ఆమె స్నేహితురాళ్ళ వంటింటిదాకా కృతజ్ఞత పంపారు.

ఇది ఒకవైపు బాధ్యతే కాదు. మన జిల్లాల్లో గల్ఫ్‌కు వెళ్ళిన కొడుకులు, భర్తలు ఉన్న ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. నెలకోసారి డబ్బు అందుతుంది. ఫోను మాట్లాడేటప్పుడు వచ్చే నెల ఫీజులు, పెళ్ళికి తక్కువపడిన మొత్తం, గోడకు సున్నం. అందాయి అన్న మాట తర్వాత వెంటనే ఇంకెంత కావాలో మొదలవుతుంది. యాభై డిగ్రీల ఎండలో ఇనుప చువ్వలు కట్టే మనిషి ఆ ఫోను పెట్టేశాక ఏమనుకుంటాడో ఆలోచించండి. తిన్నావా, నీ కష్టం వల్లే మేమిక్కడ నీడన ఉన్నాం అనడానికి అర నిమిషం చాలు.

తల్హా లేచి వచ్చాడు

హిజ్రీ 9వ సంవత్సరంలో తబూక్ యాత్రకు వెళ్ళకుండా ఉండిపోయిన ముగ్గురిలో హజ్రత్ కఅబ్ బిన్ మాలిక్ (రజి) ఒకరు. యాభై రోజులు మదీనాలో ఎవరూ ఆయనతో మాట్లాడలేదు. చివరికి తౌబా అంగీకరించబడిందనే శుభవార్త కొండమీదనుంచి ఒకరు కేకవేసి చెప్పగా వినబడింది. ఆయన ఉన్నచోటనే సజ్దాలో పడిపోయారు. అది అల్లాహ్‌కు షుక్ర్. ఆ కేకవేసిన మనిషి దగ్గరికి రాగానే తన ఒంటిమీది రెండు వస్త్రాలు విప్పి అతనికి ఇచ్చేశారు. ఆ రోజు ఆయనకు అవి తప్ప వేరే బట్టలు లేవు. ఇంకొకరి దగ్గర ఎరువు తెచ్చుకొని కట్టుకొని మస్జిదుకు వెళ్ళారు. అది మనిషికి షుక్ర్. సజ్దా చేశాను కదా, ఇక చాలు అనుకోలేదు.

మస్జిదులో అడుగుపెట్టగానే హజ్రత్ తల్హా (రజి) లేచి గబగబా ఎదురొచ్చి చేయి కలిపి ముబారక్ చెప్పారు. ముహాజిర్లలో లేచి వచ్చింది ఆయనొక్కరే. ఈ సంగతి కఅబ్ (రజి) ముసలితనంలో, చూపు పోయిన తర్వాత చెప్పారు. తల్హా చేసిన ఆ పనిని తాను ఎన్నడూ మరవలేదన్నారు. కూర్చున్నవాడు లేవడం, నాలుగడుగులు వేయడం, చేయి కలపడం. దీనికి పైసా ఖర్చు లేదు. అది పొందినవాడు జీవితాంతం దాచుకున్నాడు.

మన చుట్టూ అలా ఎదురు చూసే ముఖాలు చాలా ఉన్నాయి. దైవప్రవక్త (స) మస్జిదును ఊడ్చే ఒక మనిషి రాత్రిపూట చనిపోతే, చిన్న విషయమనుకొని సహాబాలు ఆయనకు తెలియజేయకుండానే ఖననం చేశారు. కనబడడం లేదేమని ఆయన అడిగారు. తెలిశాక, నాకెందుకు చెప్పలేదని మందలించి, సమాధి దగ్గరికి వెళ్ళి జనాజా నమాజు చేశారు. ఊడ్చే మనిషి లేకపోవడం ఆయనకు కనిపించింది. మన మస్జిదులో వజూఖానా కడిగే వ్యక్తి వారం రోజులు రాకపోతే మనకు తెలిసేది ఎలా? నాచు పట్టి కాలు జారినప్పుడు.

మేలు చేసినవాడు ముస్లిమేనా అని చూడాలా అని కొందరు యువకులు అడుగుతారు. బద్ర్ యుద్ధఖైదీల విషయంలో దైవప్రవక్త (స) అన్న మాట బుఖారీలో ఉంది. ముత్ఇమ్ బిన్ అదీ బతికి ఉండి వీళ్ళ గురించి నన్ను అడిగి ఉంటే, ఆయన కోసం వీళ్ళందరినీ వదిలేసేవాణ్ణి అన్నారు. ముత్ఇమ్ ఇస్లాం స్వీకరించకుండానే చనిపోయిన మక్కా పెద్ద. తాయిఫ్‌నుంచి గాయాలతో తిరిగి వచ్చిన ప్రవక్త (స)కు ఆయన తన అభయమిచ్చి మక్కాలోకి తీసుకొచ్చాడు. ఏళ్ళు గడిచాయి, ఆ మనిషి లేడు, యుద్ధం గెలిచారు. అయినా బాకీ గుర్తుంది. రాత్రివేళ మన బిడ్డను ఆటోలో ఆస్పత్రికి చేర్చిన పక్కింటి రామయ్యగారో, ఆటో నడిపిన యేసుబాబో మన ముత్ఇమ్‌లు. రంజాన్‌లో వాళ్ళింటికి ఒక గిన్నె హలీం పంపడం వ్యవహారం కాదు, దీన్.

ఒక జాగ్రత్త

ప్రాపంచిక విషయాల్లో మీకంటే పైవారిని కాదు, కిందివారిని చూడండి, అల్లాహ్ అనుగ్రహాన్ని చిన్నచూపు చూడకుండా ఉంటారు అనే భావంతో ముస్లింలో హదీసు ఉంది. ఇది మంచి మందు. కానీ ఏ మందైనా జబ్బున్నవాడే వేసుకోవాలి. మూడు నెలలుగా జీతం ఇవ్వని యజమాని, అడిగిన పనివాడితో నీకంటే పేదవాణ్ణి చూసి షుక్ర్ చెయ్ అంటే, అది హదీసును దుర్వినియోగం చేయడమే. ఆ యజమానికి సంబంధించిన హదీసు వేరే ఉంది. కూలివాడి చెమట ఆరకముందే కూలి ఇవ్వమన్నది. కిందివారిని చూడమన్న మాట మన కళ్ళకు మనం చెప్పుకోవాల్సింది.

అలాగే, దుఃఖంలో ఉన్నవారి నోట బలవంతంగా అల్‌హమ్దులిల్లాహ్ అనిపించాలని చూడకండి. కుమారుడు ఇబ్రాహీం మరణించినప్పుడు దైవప్రవక్త (స) కళ్ళు చెమర్చాయి. ఆయన కంటే గొప్ప కృతజ్ఞుడు ఎవరు? కన్నీళ్ళు షుక్ర్‌కు విరుద్ధం కాదు. ఆదియాత్ సూరాలో మనిషి తన ప్రభువు పట్ల 'కనూద్' అని వచ్చింది. దానికి హజ్రత్ హసన్ బస్రీ (రహ్మ) ఇచ్చిన వివరణ, కష్టాలను లెక్కపెట్టుకుంటూ అనుగ్రహాలను మరచిపోయేవాడు అని. ఏడవడం వేరు, లెక్కపుస్తకం ఒకవైపే రాయడం వేరు.

ఇక ఆచరణ. ఎవరైనా మేలు చేస్తే బదులు చెల్లించాలని, ఏమీ లేకపోతే బదులు తీరిందని అనిపించేదాకా వారికోసం దుఆ చేయాలని అబూ దావూద్ హదీసు చెబుతోంది. ఆ దుఆను వాళ్ళకు వినబడేలా చేయండి. ఈ రాత్రి ఇషా తర్వాత, ఈ రోజు మీ అవసరం ఎవరెవరి చేతుల మీదుగా తీరిందో ముగ్గురిని గుర్తుచేసుకోండి. ముగ్గురిలో ఒకరికైనా రేపు నోటితో చెప్పండి. మొదట కాస్త ఎబ్బెట్టుగా ఉంటుంది. నేను జుమా తర్వాతి రోజు చెప్పినప్పుడు మా ఇంట్లో, మీకు ఒంట్లో బాగానే ఉందా అని అడిగారు.

దైవప్రవక్త (స) ఒకరోజు హజ్రత్ ముఆజ్ (రజి) చేయి పట్టుకొని, తాను ఆయన్ని ప్రేమిస్తున్నట్లు అల్లాహ్ మీద ప్రమాణం చేసి చెప్పారు. ఆ తర్వాత, ప్రతి నమాజు చివర మానకుండా చదవమని ఒక దుఆ నేర్పారు. నిన్ను స్మరించడానికి, నీకు కృతజ్ఞత చూపడానికి, నిన్ను చక్కగా ఆరాధించడానికి సహాయం చేయమని అల్లాహ్‌ను అర్థించే దుఆ అది. షుక్ర్ చేయడానికి కూడా ఆయన సహాయమే కావాలన్నమాట. ఈ హదీసును బోధించే ఉస్తాదులు కొందరు ఈనాటికీ శిష్యునితో ముందు ఆ ప్రేమ మాట చెప్పి, తర్వాతే దుఆ నేర్పుతారు. శతాబ్దాలుగా అలా చేతినుంచి చేతికి వచ్చింది.

నా ఉస్తాదు కూడా అలాగే నేర్పారు. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. సిగ్గుతో తల దించుకున్నాను, జవాబు చెప్పలేదు. ఈ పాఠం రాయడం మొదలుపెట్టిన రోజు ఆయనకు ఫోను చేశాను. ఊరి పేరు చెబితే గాని గుర్తుపట్టలేదు. చెప్పాల్సింది చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, అమ్మీ ఆరోగ్యం ఎలా ఉందని అడిగారు. నా దగ్గర తీసుకెళ్ళిన 'రియాజుస్సాలిహీన్' రెండో భాగం ఇంకా నీ దగ్గరే ఉంది, అదీ గుర్తుందా అన్నారు.